సాయంత్రం అయిదింటికి మూసే ఆకాశం

అనంతపురానికి ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు కావాలని ఈమధ్య కొందరు పెద్దలు బెంగపెట్టుకున్నారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానకు అటూఇటుగా బతుకుతున్న జిల్లా కదా, ఇంత మబ్బులేని ఆకాశాన్ని ఊరికే పాడుపెడతామా అని వాళ్ళ వాదన. న్యాయమే. కాకపోతే మెడ పట్టేసేదాకా పైకి చూసేవాళ్ళకు ఇక్కడ కొదవేం లేదు. మృగశిర కార్తె నుంచి చూపు దించని శనక్కాయ రైతుకు ఎవరూ డాక్టరేటు ఇవ్వలేదు, అది వేరే సంగతి.

సరే, మన కుర్రాడొకడు ఆర్ట్స్ కాలేజీలో ఫిజిక్సు చదివి, తమిళనాడులోని కావలూరు వేధశాలలో 2.34 మీటర్ల టెలిస్కోపు దగ్గర రాత్రుళ్ళు తెల్లవార్చి తిరిగొచ్చాడనుకుందాం. హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రజ్ఞుడు వైను బాప్పు తలపెట్టిన టెలిస్కోపు అది. పూర్తికాకుండానే 1982లో ఆయన పోయారు, 1986లో దానికి ఆయన పేరు పెట్టారు. మన దేశంలో గుర్తింపు రావడం ఖాయం, అందుకోడానికి మనిషి ఉండటమే అనుమానం.

వచ్చినవాడు ప్రొఫెసరవుతాడు. కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ బృందం వచ్చే ముందు గోడలకు సున్నం కొట్టిస్తాడు. ఆ దశ గురించి ఇంతకన్నా రాయడానికేం లేదు.

అసలు వైభవం మ్యూజియం డైరెక్టరయ్యాక. అదీ ఇన్‌ఛార్జి డైరెక్టరు: కుర్చీ రెండోది, జీతం పాతదే. మేడ మీద టెలిస్కోపు ఉంటుంది, దాని మీద దుప్పటి ఉంటుంది, తాళంచెవి సెలవులో ఉన్న అటెండరు దగ్గర ఉంటుంది. పనివేళలు పదిన్నర నుంచి అయిదు. చీకటి పడ్డాక తెరవాలంటే వాచ్‌మన్ బత్తా ఏ పద్దులో రాయాలో తేలాలి. ఫైలు అమరావతిలో ఉంది.

ధర్మవరం నుంచి ఒకాయన పిల్లోణ్ణి వెంటబెట్టుకుని వస్తాడు.

"ఇందులో ఏం కనపడ్తాది సార్?"

"రాత్రిపూటయితే శని చుట్టూ వలయాలు."

"రాత్రి తెరుస్తారా?"

"తెరవం."

"మరి పగలు?"

"సూర్యుడొక్కడే. చూస్తే కళ్ళు పోతాయి."

ఆయన కాసేపు ఆలోచిస్తాడు. "పోనీలే సార్, మావోనికి ఏలినాటి శని ఎప్పుడు వదుల్తాదో అదన్నా చెప్పండి."

శని సూర్యుణ్ణి చుట్టి రావడానికి సుమారు 29న్నర ఏళ్ళు. పన్నెండు రాశులకు పంచితే రాశికి దాదాపు రెండున్నర, మూడు రాశులకు ఏడున్నర. గ్రహగతి వరకు లెక్క తప్పు కాదు కనుక డైరెక్టరుగారు కాగితం తీసి వేసిచ్చేస్తారు. ఆ ఏటి నివేదికలో 'శాస్త్రీయ సలహా పొందిన సందర్శకులు' అన్న గడి మొదటిసారి నిండుతుంది.

అయినా డైరెక్టరుగారు ఆశ వదలరు. 2027 ఆగస్టు 2న పాక్షిక సూర్యగ్రహణం మనకూ కనపడుతుంది. సోమవారం, సాయంత్రం పూట. పనిదినాన, పనివేళల్లో మొదలయ్యే ఆకాశ విశేషం! డైరెక్టరుగారు సొంత డబ్బుతో గ్రహణం కళ్ళద్దాలు తెప్పించి, పిల్లలకు కబురంపారు. సిబ్బంది కూడా వెనకబడలేదు. గేటుకు నోటీసు అంటించారు: 'గ్రహణం కారణంగా ఆ రోజు మధ్యాహ్నం నుండి మ్యూజియం మూసివేయబడును. సంప్రోక్షణ అనంతరం మంగళవారం తెరవబడును.' కింద సంతకం డైరెక్టరుగారిదే. ఫైళ్ళ కట్టలో కలిపి పెట్టించుకున్నారట.