ఒకసారి ముంచితే డిప్పు, రెండోసారి ముంచితే ఎంగిలి

డిసెంబర్ 31 రాత్రి మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద జరిగిన పార్టీలో నాకు దక్కిన శాఖ డిప్పు, అంటే కూరగాయ ముక్కలు ముంచుకుని తినే ముద్ద. బిర్యానీ శాఖను ప్రెసిడెంట్ సాబ్ తన దగ్గరే ఉంచుకున్నారు. కేకు, కూల్‌డ్రింకులు సెక్రటరీకి పోయాయి. మందు ఎవరి శాఖో మినిట్స్‌లో రాయలేదు. ఆరోగ్యానికి పనికొచ్చేది ఒక్కటైనా ఉండాలని షుగరున్న సభ్యులు పట్టుబట్టడంతో పచ్చి గింజలు, కూరగాయల డిప్పు అనే కొత్త శాఖ పుట్టింది. నేను ఆ మీటింగుకు పోలేదు కాబట్టి ఏకగ్రీవంగా ఎన్నికయ్యాను.

పద్ధతి ప్రకారమైతే కాబూలీ శనగలు, నువ్వుల ముద్ద, వెల్లుల్లి, నిమ్మరసం, ఆలివ్ నూనె కావాలి. దాన్ని హమ్మస్ అంటారు. అరబ్బీలో ఆ మాటకు అర్థం శనగలే, అంతకుమించి రహస్యమేమీ లేదు. కానీ చలికాలంలో కుమార్‌పల్లి మార్కెట్లో అనపకాయలు కుప్పలు పోసి ఉంటే, ఎండు శనగలు నానబెట్టుకునేవాడు హన్మకొండలో ఉండి ఏం లాభం? రెండు కిలోలు తెచ్చాను. అమ్మా నేనూ టీవీ ముందు కూర్చుని ఒలిస్తే గింజలు అరకిలో పైచిలుకు తేలాయి.

ఉప్పేసి, వేలితో నొక్కితే పిండయ్యేదాకా ఉడకబెట్టాలి. సగం ఉడికిన గింజ ఆ రాత్రే పగ తీర్చుకుంటుంది. ఆ తర్వాత అసలు శిక్ష మొదలు. ఒక్కో గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తొక్క చేతిలో మిగిలి, పప్పు గిన్నెలో పడాలి. నా మొదటి గింజలన్నీ ఫ్రిజ్ కిందికి పోయాయి. తొక్కతోనే రుబ్బేద్దామా అంటే, పంటి కింద ఇసుకలా తగులుతుంది. ఇంకో జాగ్రత్త, వేడి పప్పును మిక్సీలో వేసి మూత బిగిస్తే ఆవిరి ఆ మూతను సీలింగుకు పంపుతుంది. ఇది నేను ఎక్కడో చదివింది కాదు.

సంక్రాంతి సకినాలకని మా ఆవిడ దాచిన నువ్వుల్లో రెండు గుప్పిళ్లు దోరగా వేయించి, పల్లి నూనెతో మెత్తగా రుబ్బాను. (ఈ విషయం మీద ఇంట్లో విచారణ ఇంకా నడుస్తోంది.) అందులో చల్లారిన పప్పు, రెండు పచ్చి వెల్లుల్లి రెబ్బలు, ఒక నిమ్మకాయ రసం, గుప్పెడు కొత్తిమీర, నాలుగు చెంచాల ఐసునీళ్లు వేసి మళ్లీ తిప్పితే నురగలాగా తేలికవుతుంది. మీద చపాటా మిర్చి పొడి చల్లాను. మన వరంగల్ చపాటాకు 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. టమాటాలా గుండ్రంగా, రక్తంలా ఎర్రగా ఉంటుంది, కారం మాత్రం అంతంతే. చూస్తే భయం, తింటే ఏమీ కాదు. మా ప్రెసిడెంట్ సాబ్ ఇచ్చే నోటీసులు కూడా ఇదే జాతి.

అమ్మ గిన్నెలోకి తొంగి చూసి, "గోరింటాకు ఎవలికి కొడుకా?" అంది.

క్యారట్, కీరా, ముల్లంగి ముక్కలు చాక్‌పీసంత లావున కోశాను. కీరా గింజల భాగం తీసేయాలి, లేకపోతే పళ్లెం చెరువవుతుంది. రుచి చూద్దామని క్యారట్ ముక్క ముంచి, సగం కొరికి, మిగతా సగం మళ్లీ ముంచాను.

"గిన్నెంత ఎంగిలి చేసినవ్," అంది అమ్మ. అనపగింజల కోసం రెండు గంటలు వంచిన నడుం ఆ ఒక్క మాటతో విరిగింది.

ఇక్కడే ఈ వంటకంలోని రాజ్యాంగ సంక్షోభం ఉంది. డిప్పంటే ముంచడం. మనకు ముంచేవాళ్లు కొత్త కాదు, చిట్టీల్లో ముంచినవాళ్లను కూడా చూశాం. కాకపోతే వాళ్లు ఒక్కసారే ముంచి ఊరొదిలి పోతారు. డిప్పు దగ్గర మనిషి కదలడు, అదే ముక్కతో అదే గిన్నెను మళ్లీ మళ్లీ ముంచుతాడు. ఎంగిలి విషయంలో మన చట్టమా చాలా కఠినం. నోరు తగలాలన్న రూలు కూడా లేదు. బతుకమ్మ మొదటి రోజును ఎంగిలిపూల బతుకమ్మ అంటాం కదా, ముందు రోజే కోసి నీళ్లలో పెట్టిన పూలతో పేరుస్తారు కాబట్టి ఆ పేరొచ్చిందని చెబుతారు. ఒక్క రాత్రి ఆగినందుకే తంగేడు పువ్వు మీద అంత ముద్ర పడితే, ముప్పై ఫ్లాట్ల వాళ్లు ముంచిన గిన్నె గతేమిటి?

అమెరికాలో క్లెమ్సన్ విశ్వవిద్యాలయం వాళ్లు దీని మీద ప్రయోగమే చేశారు, 2009లో అచ్చయింది. కొరికిన బిస్కెట్టును మూడు నుంచి ఆరుసార్లు మళ్లీ ముంచితే సుమారు 10,000 సూక్ష్మక్రిములు నోట్లోంచి గిన్నెలోకి చేరాయట. అమ్మకు చదివి వినిపించాను. "లెక్కవెట్టినోళ్లు ఆ గిన్నెను ఏం చేసిన్రు?" అని అడిగింది. ఆ ముక్క నాకు కనబడలేదు.

పరిష్కారాలు ఆలోచించాను. ముక్కను ఒక్క నోటికి సరిపడా చిన్నగా కోస్తే వేళ్లు మునుగుతాయి. తిప్పి రెండో కొసను ముంచమంటే, అప్పటిదాకా చేత్తో పట్టుకున్నది ఆ కొసే. చెంచా పెడితే ఎవరి పళ్లెంలో వాళ్లు వడ్డించుకుంటారు, అప్పుడది డిప్పు కాదు, పెళ్లి భోజనంలో తొక్కు. చివరికి గిన్నె పక్కన అట్టముక్క మీద రాసి పెట్టాను: "ఒక ముక్కకు ఒకే ముంచు". నేనే కాపలా నిలబడ్డాను. అమ్మ కుర్చీ వేసుకుని నా పని మీద నిఘా పెట్టింది.

పదింటి దాకా శాంతిభద్రతలు అదుపులోనే ఉన్నాయి. రెండో అంతస్తు మేడమ్ క్యారట్‌ను చేత్తో విరిచి రెండుసార్లు ముంచింది. రూలు ప్రకారం అవి రెండు ముక్కలే కాబట్టి వదిలేశాను. ఇంతలో పక్క ఫ్లాటు పిల్లాడు, మూడేళ్లుంటాయి, ఒక కీరా ముక్క ముంచి కొరికాడు, మళ్లీ ముంచాడు. నేను "హే!" అనేలోపే దాన్ని తీసుకెళ్లి మా అమ్మ నోట్లో పెట్టాడు. అమ్మ సగం కొరికి నమిలింది.

"అమ్మా, ఎంగిలి!"

"పసిపోరని ఎంగిలి ఎంగిలి గాదురా," అంది, మూతి తుడుచుకుంటూ. ఈ మినహాయింపు చట్టంలో ఉన్నట్టు నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

పిల్లాడు అమ్మ కొరకగా మిగిలిన ముక్కను వెనక్కి తెచ్చి, జాగ్రత్తగా, గిన్నె మధ్యలో ముంచాడు. వాడి వెనకే ప్రెసిడెంట్ సాబ్ వచ్చారు. అట్టముక్క మీది రూలును పైకి చదివి, "ఇట్ల క్రమశిక్షణ ఉండాలె" అని మెచ్చుకుని, సరిగ్గా అక్కడే ముల్లంగి ముంచారు. బాగుందన్నారు. నేను థాంక్స్ సార్ అన్నాను.