కారు బ్రోచరులో వెలసిన టార్కు అంకె గారికి

మహారాజశ్రీ 113 న్యూటన్ మీటర్ల వారి సముఖమునకు,

నిన్న మధ్యాహ్నం కొత్తపేట దాటాక, కాలువగట్టు పక్కన కొబ్బరికాయల లారీని దాటవలసి వచ్చి, ఎదుటి బస్సు ఇంకా చాలా దూరంలోనే ఉన్నదన్న ధైర్యంతో, ఇంజను తిప్పుడు బలానికి కొలతైన తమరి పేరు తలచుకుని అయిదో గేరులోనే యాక్సిలరేటరును అడుగంటా తొక్కాను. తమరు రాలేదు. బస్సు మాత్రం వచ్చింది. మళ్ళీ లారీ వెనుకకే చేరి పీచుదుమ్ము పీల్చుకుంటూ ఇల్లు చేరాను.

షోరూములో తమరిని చూపించిన కుర్రవాడు, తమరి పక్కన చీమ తలకాయంత అక్షరాలతో ఉన్న 4,200 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు తిరిగితేనే, అనే షరతు మీదనే వేలు ఆనించి దాచి ఉంచాడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, అయిదో గేరులో నా ఇంజను తిరిగేది నిమిషానికి సుమారు 1,700 చుట్లు. తమరు కొలువుదీరే చోటికి సగం దారి కూడా కాదది.

పోనీ, వచ్చారే అనుకుందాం. తమరు ఉండేది ఇంజను తిప్పే ఇరుసైన క్రాంక్‌షాఫ్టు దగ్గర, రోడ్డును తోసేది చక్రం. నా కారులో మూడో గేరు నిష్పత్తి 1.3, అయిదోది 0.75, చక్రాలకు ముందుండే చివరి పళ్ళచక్రాల జత, అంటే ఫైనల్ డ్రైవు, 4.1; ఇంజను 100 న్యూటన్ మీటర్లు ఇస్తే, రాపిడి నష్టాలను పక్కన పెట్టి వీటితో గుణించి చూసినా, మూడో గేరులో చక్రాలకు 533 చేరతాయి, అయిదో గేరులో 308 దగ్గరే ఆగిపోతాయి. చాకిరీ గేరుది, పేరు తమరిది. అయిదోదాన్ని అంత బద్ధకంగా పెట్టింది మైలేజీ కోసమట; ఆ అంకె గారికి వేరే ఉత్తరం రాసుకుంటాను.

అసలు టార్కు ఒక్కటే పరుగైతే, ధాన్యం బస్తాలు లాగే 45 హార్సుపవరు ట్రాక్టరుకు నీకంటే ఎక్కువే ఉంది కదా, అది నన్ను రోజూ ఎందుకు దాటిపోదు? టార్కును చుట్లతో గుణిస్తేనే పవరు. ఒకే వేగం దగ్గర చక్రానికి ఎంత తోపు దక్కుతుందో తేల్చేది ఆ పవరే. ఈ ఒక్క ముక్క వేయడానికి నీ పక్కన జాగా లేకపోయింది గానీ, గ్లాసు పెట్టుకునే గూటి ఫోటోకు అర పేజీ దొరికిందా?

ఏసీ వేసి, అయిదుగురు ఎక్కి, అయిదో గేరులో 60 నుంచి 100 అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో అచ్చువేయించుకుని రా. అప్పటిదాకా నిన్ను ‘గారు’ అనేది లేదు.

ఇట్లు,
మూడో గేరు మనిషి