వాచ్‌మన్‌దే తప్పు

మొక్కల్లోకి కాడ్మియం అనే విషలోహం ఎలా చేరుతోందో తేల్చడానికి ఏకసభ్య కమిషన్ వేశారు. వేసింది నేనే, సభ్యుణ్నీ నేనే. నివేదిక మొదటి రోజే సిద్ధమైంది. విచారణే కాస్త ఆలస్యమైంది.

దోషి పేరు ఐఆర్‌టీ1. అదొక ప్రోటీన్. వేరు పైపొర కణాల త్వచంలో కాపలా ఉండి, మట్టిలోని ఇనుమును లోపలికి పంపడం దాని డ్యూటీ. 1996లో దీన్ని కనిపెట్టిన తీరు కూడా అనుమానాస్పదమే. ఇనుము పీల్చుకోలేక నీరసించిన ఈస్ట్ కణాల్లో అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్క జన్యువులు పెట్టి చూశారు. ఏ జన్యువు వల్ల ఈస్ట్ తేరుకుందో అది ఇతగాడిది. సొంత ఇంట్లో ఎవరికీ తెలియకుండా బతికి, పరాయి ఇంట్లో పనిచేసి పేరు తెచ్చుకున్న రకమన్నమాట.

అభియోగం సూటిగా ఉంది. ఇనుముకని తెరిచిన తలుపులోంచి జింకును, మాంగనీసును, కోబాల్టును, చివరికి కాడ్మియాన్ని కూడా పంపించేశాడు. సంజాయిషీ అడిగితే రూలు చూపిస్తున్నాడు. రెండు ధనావేశాలుండి, సైజు దగ్గరదగ్గరగా ఉన్న అయాన్‌కు ప్రవేశం, అంతే. ఆ రూలు ఎంత కచ్చితమంటే ఇనుముకే మినహాయింపు లేదు. గాలి తగిలే మట్టిలో ఇనుము ఎక్కువగా మూడు ఆవేశాలతో ఉంటుంది. పక్కనే ఉన్న ఎఫ్ఆర్ఓ2 అనే ఎంజైమ్ ఒక ఎలక్ట్రాన్ అప్పిచ్చి దాన్ని రెండుకు దింపితే తప్ప గేటు తెరుచుకోదు. కాడ్మియానికి ఆ అవస్థే లేదు. మట్టి నీటిలో అది ఎప్పుడూ రెండు ఆవేశాలతోనే తిరుగుతుంది. అసలు యజమానికి కావాల్సినవాడు కాగితాలు సరిచేయించుకోవడానికి క్యూలో నిలబడి ఉంటే, విషం మాత్రం అన్ని పత్రాలతో నేరుగా లోపలికి వెళ్తోంది. ఇలాంటి గేట్లు మొక్కల్లోనే ఉంటాయని కమిషన్ నమ్ముతోంది.

ఇంకో దారుణం. ఇనుము కరువైనప్పుడు మొక్క ఈ కాపలాదారుల సంఖ్య పెంచుతుంది. ఆకలి పెరిగిన కొద్దీ తలుపులు పెరుగుతాయి, తలుపులు పెరిగిన కొద్దీ కాడ్మియానికి సదుపాయం పెరుగుతుంది. పోనీ ఇతన్ని పీకేద్దామా అంటే అదీ చేసి చూశారు. ఐఆర్‌టీ1 లేని మొక్క పసుపుపచ్చగా మారి, ఇనుము దండిగా పోస్తే తప్ప బతకలేదు.

ఇక్కడ కొందరు పెంకి పాఠకులు ఒక ప్రశ్న వేస్తారని తెలుసు. అసలు గేటు బయట కాడ్మియం ఎందుకుంది? గనుల నుంచి, జింకు కరిగించే కర్మాగారాల నుంచి వస్తుంది. ఫాస్ఫేట్ ఎరువుల్లోనూ ఉంటుంది, ఎందుకంటే వాటిని తీసే రాయిలోనే ఉంటుంది. ఇదంతా నిజమే కానీ కమిషన్ పరిశీలనాంశాల్లో లేదు. పరిశీలనాంశాలు రాసుకున్నది నేనే కాబట్టి ఈ విషయంలో ఇంకెవరినీ తప్పుపట్టడానికి వీల్లేదు.

జపాన్ సంగతి చూడండి. టొయామా ప్రాంతంలో జింజు నది ఉంది. దాని ఎగువన కమియోకా గనులు. కాడ్మియం నదిలోకి, నది పొలాల్లోకి, పొలం బియ్యంలోకి వెళ్లింది. తిన్నవాళ్ల మూత్రపిండాలు పాడయ్యాయి, ఎముకలు మెత్తబడి విరిగాయి. ఆ జబ్బుకు ‘ఇతాయ్ ఇతాయ్’ అని పేరు, అంటే ‘నొప్పి, నొప్పి’. 1968లో అక్కడి ప్రభుత్వం అది కాలుష్యం వల్ల వచ్చిన జబ్బేనని ఒప్పుకుంది. పాపం, అప్పటి జనం గనిని తప్పుపట్టారు. వాళ్లకేం తెలుసు! వరి వేరులో కాడ్మియానికి తలుపు తీసేది ఎన్‌ర్యాంప్5 అనే ప్రోటీన్ అని 2012 దాకా బయటపడలేదు కదా.

ఆ ఎన్‌ర్యాంప్ కుటుంబం గురించి ఒక మాట. మొదట ఎలుకల్లో, అంటురోగాలను తట్టుకునే శక్తికి సంబంధించిన జన్యువుగా దొరికింది కాబట్టి, పేరులోనే ‘సహజ నిరోధకత’ అని పెట్టుకుంది. వరిలో చేసేది కాడ్మియానికి స్వాగతం. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు.

ఈ పోస్టును మాత్రం రద్దు చేయగలిగారు. కొషిహికారి అనే వరి రకం మీద కార్బన్ అయాన్ల పుంజం ప్రయోగించి, ఎన్‌ర్యాంప్5 పాడైన మొక్కల్ని ఏరారు. గింజలో కాడ్మియం దాదాపు మాయమైంది. మాంగనీసు వచ్చేదీ ఆ తలుపు నుంచే కాబట్టి అది కూడా తగ్గింది. కిరణజన్య సంయోగక్రియలో నీటిని విడగొట్టేది మాంగనీసే. దీన్ని కమిషన్ ‘స్వల్ప అసౌకర్యం’ అని నమోదు చేసుకుంది. మట్టిలో కాడ్మియం ఎంతుందో అంతే ఉంది. అది ఎవరికీ అసౌకర్యంగా అనిపించలేదు.

గోడౌన్ ఇన్‌చార్జి హెచ్ఎంఏ3 అనే వరి ప్రోటీన్‌ను కూడా విచారించాను. లోపలికి వచ్చేసిన కాడ్మియాన్ని ఏటీపీ అనే కణ ఇంధనం ఖర్చుపెట్టి మరీ వేరు కణంలోని రిక్తిక అనే సంచిలోకి తోసి తాళం వేస్తాడు. పైకి, గింజ దాకా పోకుండా ఆపుతాడు. నిజాయితీపరుడే. కానీ కాడ్మియం బాగా పోగేసే ఒక వరి రకంలో, ఇతన్ని కట్టిన అమైనో ఆమ్లాల వరుసలో 80వ స్థానంలో, అర్జినైన్ కూర్చోవాల్సిన సీట్లో హిస్టిడిన్ కూర్చుంది. అంతే, గోడౌన్ మూతపడింది, సరుకంతా పైఅంతస్తుకు బయల్దేరింది. ఒక్క సీటు మారితే ఇంత జరుగుతుందా అని నాకు నమ్మకం కుదరలేదు. ఆలోచిస్తే కుదిరింది.

పొలంలో నీళ్లు నిలిపితే కాడ్మియం గంధకంతో కలిసి కరగకుండా పడి ఉంటుంది, అదే మందు అన్నారు. కానీ నీళ్లు నిలిపితే మట్టిలో ఆర్సెనిక్ అనే ఇంకో విషం ఆర్సెనైట్‌గా మారి కదులుతుంది. దానికీ వరిలో ఒక వాచ్‌మన్ ఉన్నాడు, ఎల్‌ఎస్ఐ1. సిలికాన్‌ను పంపడం అతని పని, ఆర్సెనైట్‌ను సిలికాన్ అనుకోవడం అతని అలవాటు. ముందు నుయ్యి వెనుక గొయ్యి, మధ్యలో మడి.

మొక్కలన్నీ ఇలా భయపడతాయనుకోకండి. పసిఫిక్ దీవి న్యూ కాలెడోనియాలో పిక్నాండ్ర అక్యుమినాటా అనే చెట్టుంది. గాటు పెడితే నీలి ఆకుపచ్చ పాలు కారతాయి, ఆ పాలను ఆరబెడితే బరువులో నాలుగోవంతు దాకా నికెలే. అరాబిడాప్సిస్ హాలెరి అనే ఇంకో మొక్క జింకును, కాడ్మియాన్ని ఆకుల్లో పోగేస్తుంది. వాటిని వేరు నుంచి పైకి ఎక్కించే హెచ్ఎంఏ4 ఉద్యోగం ఒక్కటే అయినా, మూడు జన్యువులను నియమించుకుంది. ఇలాంటి మొక్కలతో మట్టిని శుభ్రం చేయించవచ్చు, కోసి కాల్చి నికెల్ కూడా తీయవచ్చని చెప్పగానే కమిషన్ స్వరం మారింది. అదే తప్పు లాభసాటిగా చేస్తే ప్రమోషన్‌కు సిఫార్సు చేశాను.

మిగిలింది ఐఆర్‌టీ1 సస్పెన్షన్. మెమో టైపు చేయించి వేరు దాకా వెళ్లాను. మనిషి లేడు.

ఆరా తీస్తే తెలిసింది. లోపల జింకు, మాంగనీసు, కోబాల్టు లాంటి ఇనుము కాని లోహాలు శృతి మించితే, ఇతని ఒంట్లోనే ఉన్న హిస్టిడిన్ల వరుసకు అవి అతుక్కుంటాయి. అది చూసి సీఐపీకే23 అనే ఎంజైమ్ వచ్చి ఫాస్ఫేట్ ముద్ర వేస్తుంది, ఐడీఎఫ్1 అనే ఇంకో ఎంజైమ్ వచ్చి ‘పారేయండి’ అని అర్థమిచ్చే యూబిక్విటిన్ చీటీ తగిలిస్తుంది. ఆపైన రిక్తికకు తీసుకెళ్లి ముక్కలు చేస్తారు. 2018లోనే ఈ సంగతి ప్రచురించారట. తన గేటులోంచి రాకూడనివి వచ్చాయని తనే పసిగట్టి, నైతిక బాధ్యత వహించి తప్పుకున్నాడు. ఈ ఫైలు మొత్తంలో రాజీనామా పత్రం అదొక్కటే.

మెమోలో అతని పేరు కొట్టేశాను. నది ఎగువన ఉన్న గని చిరునామా రెండో పేజీలోనే ఉంది. ఆ ఖాళీలో రాద్దామని పెన్ను తీశాను కూడా. కింద చిన్న అక్షరాల్లో ‘వేరు లోపలి సిబ్బందికి మాత్రమే’ అని ఉంది.