సవరణ: గంజాయి కేసు అప్పీలు గడువు

కొనేవాడిలా వచ్చిన పోలీసుకు గంజాయి అమ్మిన కేసులో శిక్ష పడితే 30 రోజుల్లో అప్పీలు వేయాలని రాయగడ, కోరాపుట్ వైపు మనవాళ్ల కోసం పెట్టిన పోస్టులో రాశాను. పొరపాటు నాదే. గంజాయి లాంటి మాదకద్రవ్యాల కేసులు విచారించే స్పెషల్ కోర్టు తీర్పు మీద అప్పీలు కటక్ హైకోర్టుకే వెళ్తుంది. కోర్టు గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం ప్రకారం దానికి 60 రోజులు. తీర్పు సర్టిఫైడ్ కాపీ (కోర్టు ధ్రువీకరించిన నకలు) కోసం దరఖాస్తు పెట్టాక అది సిద్ధమయ్యేదాకా పట్టిన రోజులు ఇందులో లెక్కకు రావు. కాపీ మీదే ఆ తేదీలు వేస్తారు, చూసుకోండి. జైల్లో ఉన్నవాళ్లు జైలు అధికారి ద్వారానే వేయొచ్చు.

అదే పోస్టులో రాసిన సెక్షన్ 50 మాట కొందరికి వేరేలా అర్థమైంది. మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్)లోని ఈ సెక్షన్ ప్రకారం, కోరితే గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుటే సోదా చేయాలి. అది ఒంటి సోదాకే. సరుకు చేతిసంచిలో మాత్రమే దొరికితే సెక్షన్ 50 పాటించలేదన్న వాదన నిలవదని సుప్రీంకోర్టు 2005లోనే తేల్చింది. అలాంటప్పుడు అదే చట్టంలో పట్టుకున్న సరుకు శాంపిల్ గురించి చెప్పే సెక్షన్ 52ఎ చూడండి: శాంపిల్ మేజిస్ట్రేటు ఎదుట తీశారా, రోడ్డు మీదేనా?