కంఠీరవకు నలుగురు వెళ్లాలంటే

సంక్రాంతి సంబరాల్లో బెంగళూరులోని మన తెలుగు సంఘం పిల్లలకు ఏడుగురి జట్ల ఫుట్‌బాల్ పోటీ పెట్టింది. గెలిచిన జట్టుకు కప్పుతో పాటు కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీ మ్యాచ్ చూపిస్తామని కరపత్రంలో అచ్చు కూడా వేశారు. గెలిచింది నగరం తూర్పు అంచున కాడుగోడి అవతల షెడ్లలో ఉండే పిల్లలు. వాళ్ల అమ్మానాన్నలు అనంతపురం, వనపర్తి వైపు నుంచి బేల్దారి పనికీ సెంట్రింగ్ పనికీ వచ్చినవాళ్లు. పది మంది పిల్లలు, ఇంటివాళ్లతో కలిపి నలభై మంది. కార్యవర్గం లెక్క కట్టి చూస్తే ఇరవై ఆరు వేలు దాటింది. ప్రయాణం మానేసి కప్పు, సర్టిఫికెట్లు, పులిహోర పొట్లాలు చేతిలో పెట్టి పంపించారు. ఆ సాయంత్రం అదే వేదిక మీద శాలువాలకు, జ్ఞాపికలకు, పూలదండలకు అయిన ఖర్చు అంతకు తక్కువేమీ కాదు. మాట ఇచ్చి తప్పినందుకు బాధ ఉండనే ఉంది. అంతకంటే బాధ, ఆ ఇరవై ఆరు వేలు ఎక్కడెక్కడ పోతున్నాయో, ఎక్కడ తగ్గించవచ్చో ఎవరూ కూర్చుని చూడకపోవడం.

ఆ లెక్క ఇక్కడ విప్పుదాం. ఒక ఇల్లు, నలుగురు మనుషులు. టికెట్టు మూడు వందలు అనుకుందాం. నాలుగు టికెట్లు 1,200. యాప్‌లో కొంటే సౌకర్య రుసుము వేరే. పదో వంతు వేసుకుంటే 120, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో ఇరవై రెండు. కాడుగోడి నుంచి కబ్బన్ పార్కు స్టేషన్‌కు మెట్రో మనిషికి 80 చొప్పున రానుపోను నలుగురికి 640. 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ చార్జీ 60 నుంచి 90కి పెరిగింది కదా, దెబ్బంతా దూరాన ఉండేవాళ్లకే తగిలింది. పిల్లలకు సగం టికెట్టు కూడా లేదు, మూడడుగుల ఎత్తు దాటితే పూర్తి చార్జీయే. లోపల తినడానికి, తాగడానికి తక్కువలో తక్కువ 500. ఏడున్నర మ్యాచ్ అయిపోయి కాడుగోడిలో దిగేసరికి పదిన్నర దాటుతుంది, అక్కడి నుంచి షెడ్ల దాకా ఆటో 150. మొత్తం 2,632. పది ఇళ్లకు ఇరవై ఆరు వేల పైనే. ఇందులో టికెట్టు మీద అచ్చయిన ధర సగం కూడా లేదు. ఇక మర్నాడు పొద్దున్నే పనికి పోలేక ఒక రోజు కూలి పోతే అది ఈ లెక్కలోకి రాదు.

టికెట్టు ధర ఒక్కటీ తగ్గిస్తే సామాన్యుడు మైదానానికి వచ్చేస్తాడన్న మాట అందుకే నిలవదు. వందో రెండొందలో తగ్గినా మెట్రో తగ్గదు, నీళ్లు తగ్గవు, వేళ మారదు.

నీళ్ల సంగతి కాస్త చెప్పాలి. గేటు దగ్గర సీసాలు తీసేసుకుంటారు. భద్రత కోసమే, మూత ఉన్న సీసా మైదానంలోకి విసిరితే ప్రమాదం. పవర్ బ్యాంకులు, హెల్మెట్లు, పెద్ద సంచులు, కొన్నిసార్లు చిల్లర నాణేలు కూడా ఆపేస్తారు. భద్రపరిచే గది లేకపోతే హెల్మెట్ బండి మీదే వదిలి రావాలి, పోతే మరో వెయ్యి. లోపల చాలా స్టేడియాల్లో నీళ్లు కాగితం గ్లాసులో పోసి అమ్ముతారు. సీసా మీద అచ్చయిన ధరకు మించి అమ్మితే చట్టం ఒప్పుకోదు, గ్లాసులో పోస్తే ఆ అచ్చు ధర కనబడదు. నలుగురు రెండేసి సార్లు తాగితే ఎనిమిది గ్లాసులు. బెంగళూరులో మార్చి వచ్చిందంటే పిల్లలు రెండు సార్లతో ఆగరు.

టికెట్టు కొనడంలోనూ ఈ ఇళ్లవాళ్లకు చిక్కులున్నాయి. ఒకసారికి ఇన్నే అని యాప్‌లో పరిమితి ఉంటుంది, నలభై కొనాలంటే ముక్కలు ముక్కలుగా కొనాలి. రెండో విడత కొనేలోపు పక్క సీట్లు పోతాయి, చవక వరసలు ముందే నిండుతాయి. టికెట్టు ఫోన్‌లోకే వస్తుంది. ఇంట్లో ఒక్కటే స్మార్ట్‌ఫోన్, అది నాన్న జేబులో ఉంటే, అమ్మా పిల్లలూ వేరే గేటు నుంచి రాలేరు. వేల మంది ఒకేసారి గేటు దగ్గర చేరితే నెట్‌వర్క్ మొరాయిస్తుంది, క్యూఆర్ తెరుచుకోదు. ఇంట్లోనే టికెట్టు తెరిచి ఉంచుకోండి, ఫోన్‌కు నిండా చార్జి పెట్టుకోండి అని ముందే చెప్పేవాళ్లు కావాలి. పాత అభిమానులకు ఇవన్నీ అలవాటే. మొదటిసారి వచ్చే మేస్త్రీ కుటుంబానికి ఆ గేటు దగ్గరే మనసు విరిగిపోతుంది.

క్లబ్బు వైపు మాట కూడా చెప్పాలి. జీతాలు, స్టేడియం అద్దె, పోలీసు బందోబస్తు, ఫ్లడ్‌లైట్ల కరెంటు, అన్నీ వాళ్ల నెత్తినే. 2025లో ఈ క్లబ్బులు ఆడే ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) సందిగ్ధంలో పడినప్పుడు బెంగళూరు ఎఫ్‌సీ ఆగస్టులో సీనియర్ జట్టు ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు నిలిపేసింది. మన జేబు కొట్టి వాళ్లు మేడలు కట్టడం లేదు. అయితే ఇరవై వేల మందికి పైగా పట్టే కంఠీరవలో మామూలు రోజున వరసలకు వరసలు ఖాళీగా ఉంటాయి. ఖాళీ కుర్చీ క్లబ్బుకు ఒక్క రూపాయి తేదు, దీపాలు మాత్రం దాని మీదా వెలుగుతాయి. ఆ కుర్చీని నూట యాభైకి ఇస్తే నష్టం ఎవరికి?

ఇక్కడ మన అలవాటు ఒకటి అడ్డం వస్తుంది, దాన్ని మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. ఆట అనగానే మనవాళ్లు ముందు అడిగేది ‘పాసులున్నాయా’ అని. సినిమాకు పాసు, క్రికెట్‌కు పాసు, ఆఖరికి నాటకానికీ పాసే. ఊళ్లలో కబడ్డీ, వాలీబాల్ పోటీలు గట్టు మీద నిలబడి ఉచితంగా చూసిన జనం మనం, ఆ అలవాటులో ఒక అందం ఉంది, అక్కడ ఆట ఊరందరిదీ. నగరంలో పాసు అలాంటిది కాదు. తెలిసినవాడికి దొరుకుతుంది, షెడ్డులో ఉండేవాడికి దొరకదు. పాసు తీసుకున్నవాడు రాకపోతే ఆ సీటు ఎవరికీ కాకుండా పోతుంది. పైగా ఉచితం అన్నాక గేటు దగ్గర లెక్క తప్పితే ఏం జరుగుతుందో ఈ ఊరికి తెలుసు. 2025 జూన్ 4న, ఆర్‌సీబీ ఐపీఎల్ గెలుపు సంబరం నాడు, కంఠీరవకు కూతవేటు దూరంలోని చిన్నస్వామి క్రికెట్ స్టేడియం గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలు పోయాయి. ప్రవేశం ఉచితమా, పాసు కావాలా అని ఆ రోజు పొంతన లేని కబుర్లు తిరిగాయి. పేరు రాసి ఉన్న చవక టికెట్టు, లెక్క లేని పాసు కంటే నూరు రెట్లు మేలు.

2025 డిసెంబర్‌లో మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వస్తే మన సంఘంలోనూ కొందరు రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వెళ్లారు. వేల రూపాయల టికెట్లు. ఆయనతో ఫోటో దిగడానికి దాదాపు పది లక్షలని పత్రికల్లో వచ్చింది. అదే రోజు కోల్‌కతాలో, డబ్బు పోసి వచ్చి మెస్సీని సరిగ్గా చూడలేకపోయిన జనం కుర్చీలు విరగ్గొట్టారు. అక్కడ తొంభై నిమిషాల మ్యాచ్ లేదు. మ్యాచ్ ఉన్న చోట మూడు వందలు ఎక్కువయ్యాయి మనకు.

ఇది మనకు పరాయి ఆట కాదని పిల్లలకు చెప్పాల్సిన బాధ్యత కూడా సంఘానిదే. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు సార్లు, అప్పట్లో దేశంలోని పెద్ద ఫుట్‌బాల్ పోటీల్లో ఒకటైన రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. ఆ జట్టును తీర్చిదిద్దిన రహీమ్ సాబ్ శిక్షణలోనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. ఆ రెండు చోట్లా ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు. ఇప్పుడు చూడండి. 2021–22లో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారిపోయింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఐఎస్‌ఎల్ క్లబ్బు ఒక్కటీ లేదు. అనంతపురం పిల్లవాడికి దగ్గరి మైదానం కంఠీరవ, నెల్లూరు పిల్లవాడికి చెన్నై నెహ్రూ స్టేడియం.

బయట దేశాల్లో అభిమానులు ఊరికే కూర్చోలేదు. 2016 ఫిబ్రవరిలో లివర్‌పూల్ యాజమాన్యం 77 పౌండ్ల టికెట్టు పెడతామంటే, సండర్లాండ్‌తో మ్యాచ్ 77వ నిమిషంలో వేల మంది లేచి వెళ్లిపోయారు. కొద్ది రోజుల్లోనే ధర వెనక్కి తీసుకున్నారు. ఆ ఏడాదే ప్రీమియర్ లీగ్‌లో బయటి ఊరి మ్యాచ్‌కు వచ్చే అభిమానులకు టికెట్టు 30 పౌండ్లకు మించకూడదని కట్టడి వచ్చింది. జర్మనీలో చాలా క్లబ్బుల మ్యాచ్ టికెట్టే ఆ రోజుకు బస్సు, రైలు టికెట్టుగా చెల్లుతుంది. అంత దూరం పోనక్కర్లేదు, చెన్నైలో సీఎస్‌కే ఐపీఎల్ టికెట్టు చూపిస్తే మెట్రో ఉచితమన్నారు, ఆ ఖర్చు ఫ్రాంచైజీ పెట్టుకుంది. మన కబ్బన్ పార్కు స్టేషన్‌లోనే ఐపీఎల్ రాత్రుల్లో ఎక్కడికైనా 50 రూపాయల తిరుగు ప్రయాణం కాగితం టికెట్టు ఇచ్చిన రోజులున్నాయి. క్రికెట్‌కు చేయగలిగింది ఫుట్‌బాల్‌కు ఎందుకు చేయరని మెట్రో సంస్థను అడగవచ్చు.

ఇప్పుడు అదే నలభై మందికి మరో లెక్క. ఆదివారం సాయంత్రం ఐదు గంటల మ్యాచ్ ఎంచుకోవాలి. కేరళ బ్లాస్టర్స్ వచ్చే రోజు వద్దు, ఆ రోజు మలయాళీ అభిమానులతో స్టేడియం నిండుతుంది, చవక సీట్లు మిగలవు. నాలుగు వారాల ముందే క్లబ్బు టికెట్ల విభాగానికి సంఘం లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాసి, ఒకే బ్లాకులో నలభై సీట్లు నూట యాభై చొప్పున అడగాలి. యాప్‌తో పని లేకుండా నేరుగా సంఘం ఖాతా నుంచి చెల్లిస్తామంటే సౌకర్య రుసుము అడిగే పని ఉండదు. టికెట్లు కాగితం మీదే ఇమ్మనాలి, ఒకే గేటు, ఒకే జాబితా. బ్లాకు వెనక తాగే నీళ్ల క్యాన్లు రెండు పెట్టించమని కూడా అందులోనే రాయాలి. టికెట్లకు 6,000. మెట్రోకు మనిషికి 160 చొప్పున 6,400. మ్యాచ్ ఏడుకు అయిపోతే ఎనిమిదిన్నర లోపు కాడుగోడిలో ఉంటారు, ఫీడర్ బస్సులు దొరుకుతాయి, ఆటో ఖర్చు ఉండదు. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి బయల్దేరే ముందే సంఘం వంటతో కడుపు నింపాలి, లోపల చిల్లర ఖర్చుకు మనిషికి ముప్పై చొప్పున 1,200. మొత్తం 13,600. ఇరవై ఆరు వేలు దాదాపు సగమైంది.

ఈ రెండో లెక్కలో మెట్రో ఖర్చు టికెట్ల ఖర్చును దాటింది, గమనించండి. దాన్ని తగ్గించే దారీ ఉంది. 335ఈ బస్సు కాడుగోడి నుంచి మార్తహళ్లి, దొమ్మలూరు మీదుగా వస్తుంది, రిచ్‌మండ్ సర్కిల్‌లో దిగితే స్టేడియం నడక దూరమే. ముందు ‘వి’ అక్షరం ఉంటే అది ఏసీ వజ్ర, ఎక్కవద్దు. మామూలు బస్సులో శక్తి పథకం కింద ఆడవాళ్లకు ఉచితం. ఇక్కడ ఒక మెలిక, అది కర్ణాటక చిరునామా ఉన్నవాళ్లకే. ఆధార్‌లో ఊరు కళ్యాణదుర్గమో పెబ్బేరో అయితే టికెట్టు కొనాల్సిందే. మన షెడ్లలో చాలామంది పరిస్థితి ఇదే, ఏళ్ల తరబడి ఇక్కడే ఉన్నా చిరునామా ఊళ్లోనే ఉంటుంది. బస్సు అద్దెకు తీసుకుంటే పది వేలు అనుకున్నా మనిషికి 250, మెట్రో కంటే ఎక్కువే. వర్షాకాలంలో, చంటిపిల్లలు ఎక్కువ ఉంటే తప్ప అది వద్దు.

కార్యవర్గ పెద్దలకు విన్నపం. ఉగాది సభ బడ్జెట్ ఇంకా ఖాయం కాలేదు. శాలువాల పద్దులోంచి పదమూడు వేల ఆరు వందలు ఈ పిల్లల పేర రాయండి. అతిథులు నొచ్చుకోరు, నొచ్చుకునేవాళ్లను పిలవకపోయినా పర్వాలేదు. క్లబ్బుకు రాసే ఉత్తరం కన్నడ, ఇంగ్లీషు రెండింటిలో ఉండాలి, కన్నడ తెలిసిన సభ్యులు ఒకరు ముందుకు రావాలి. మెట్రో సంస్థకు వేరే ఉత్తరం, అందులో సంతకాలు మన సంఘానివే కాకుండా కాడుగోడి తమిళ, మలయాళ సంఘాలవి కూడా ఉంటే బరువు పెరుగుతుంది. జాబితా తయారు చేసేవాళ్లు పేరు, వయసు, ఫోన్ నంబరుతో పాటు ఆధార్‌లో ఏ రాష్ట్రం చిరునామా ఉందో కూడా రాసుకోండి, బస్సా మెట్రోనా తేల్చడానికి అది కావాలి. పిల్లలకు మాత్రం తేదీ, గేటు నంబరు, బయల్దేరే వేళ మూడూ ఖాయమయ్యాకే చెప్పండి.