అబ్బే అనకండి, అబే చూడండి

ఊరి నుంచి పెద్దవాళ్ళు వస్తే లండన్ తిప్పి చూపించడం ఇక్కడ మనందరికీ ఉన్న పనే. నది ఒడ్డు, పెద్ద గడియారం, రాజభవనం ముందు ఫొటోలు. వెస్ట్‌మిన్‌స్టర్ అబే దగ్గరికి వచ్చేసరికి మాత్రం టికెట్టు ధర చూసి "అబ్బే, చర్చే కదా, బయటి నుంచి చాల్లే" అనేస్తాం. నేనూ చాలాసార్లు అలాగే అన్నాను. తప్పు చేశాను.

నిజానికి ఇది ఏ బిషప్పు మాటా చెల్లని చర్చి. నేరుగా రాజుకే జవాబుదారీ. ఎడ్వర్డ్ ది కన్ఫెసర్ కట్టించిన తొలి కట్టడానికి 1065 డిసెంబరు 28న ప్రతిష్ఠ జరిగింది. మంచం పట్టిన ఆ రాజు దాన్ని చూడలేకపోయాడు, ఎనిమిది రోజులకే పోయాడు. 1066 క్రిస్మస్ నాడు ఇంగ్లండును గెలిచిన నార్మండీ విలియంకు ఇక్కడే పట్టాభిషేకం. లోపల జనం జేజేలు కొడుతుంటే, బయట కాపలా ఉన్న అతని సైనికులు తిరుగుబాటనుకుని చుట్టుపక్కల ఇళ్ళకు నిప్పు పెట్టారు! ఇప్పుడు మనం చూసేది చాలావరకు మూడవ హెన్రీ 1245లో మొదలుపెట్టించిన కట్టడం.

నాకు అన్నిటికన్నా నచ్చింది పట్టాభిషేకపు కుర్చీ. ఏడు వందల ఏళ్ళ నాటి ఓక్ చెక్క. దాని నిండా పేర్లు చెక్కి ఉన్నాయి. మన గుళ్ళ స్తంభాల మీద ప్రేమ గుర్తులు చెక్కే కుర్రాళ్ళకు ఇక్కడి బడిపిల్లలేమీ తీసిపోలేదు. 1800 జూలై 5-6న ఈ కుర్చీలో నిద్రపోయానని పి. అబాట్ అనే ఘనుడు రాసుకున్నాడు. ఆ గీతలను చిత్రిక పట్టి చెరిపేయలేదు. 2023లో ఛార్లెస్ కూర్చున్నది ఆ గీతల కుర్చీలోనే. మనవాళ్ళయితే జీర్ణోద్ధరణ పేరుతో ఈపాటికి రంగు పూసి ఉండేవారు, శాసనాలతో సహా.

అందరూ న్యూటన్ సమాధి చూసి వెళ్ళిపోతారు. మనం మాత్రం ఉత్తరపు వైపు ఆగాలి. అక్కడ తన సేనాని సర్ ఐర్ కూట్‌కు ఈస్టిండియా కంపెనీ పెట్టించిన పాలరాతి స్మారకం ఉంది. అందులో విజయదేవతతో పాటు ఒక భారతీయ బందీ కూడా ఉన్నాడు. గెలిచినవాడికి పేరుంది, బందీకి లేదు. పిల్లలను తీసుకెళ్ళినప్పుడు ఆ బందీ ముందు నిలబెట్టాలని నా అభిప్రాయం. మన సంఘం ఏటా వేసే లండన్ యాత్ర అక్కడి నుంచే మొదలుకావాలి.

కిందటి వేసవిలో మా అత్తయ్యను తీసుకెళ్ళాను. ఆవిడది బొబ్బిలి. కాళ్ళు నొప్పులంటూ కూర్చోవడానికి చోటు వెతుక్కుంటుంటే, 1760లో తమిళనాట వందవాసి దగ్గర ఫ్రెంచివాళ్ళను ఓడించింది ఈ కూటేననీ, ఫ్రెంచి సేనాని బుస్సీ అక్కడే పట్టుబడ్డాడనీ చెప్పాను. ఆవిడ గిరుక్కున తిరిగింది.

"మన కోట మీదికి ఫిరంగులు తెచ్చిన బుస్సీయేనా?"

"ఆయనే అత్తయ్యా. బొబ్బిలి యుద్ధం జరిగిన మూడేళ్ళకు."

కూట్ మన పగ తీర్చడానికి రాలేదనీ, మన నేల ఎవరికి దక్కాలన్నదే వాళ్ళ తగాదా అనీ కూడా చెప్పాను. ఆవిడ అది విన్నట్టు లేదు. కొంగు సర్దుకుని స్మారకానికి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"పట్టుకున్నాక ఏం చేశారు?"

"వదిలేశారు. తర్వాత ఫ్రాన్సు వెళ్ళిపోయాడు."

"అంతేనా?" అంది అత్తయ్య.