చికెన్ బిల్లు చలవ

అమెరికాలో కొలరాడో కొండల మీద లెడ్‌విల్ అని ఒక ఊరుంది. పదివేల అడుగులకు పైన. అంత ఎత్తులో నీళ్లు దాదాపు 90 డిగ్రీలకే మరిగిపోతాయి. బుడబుడమని ఆర్భాటం చేస్తాయి గానీ గింజ మాత్రం ఉడకదు. 1878లో వెండి పడిందని జనం ఎగబడి వచ్చిన రోజుల్లో గుడారాల్లో కుక్కర్లు ఎక్కడివి? పొద్దున పొయ్యి ఎక్కించిన చిక్కుడు గింజలు చీకటి పడ్డాక కూడా పంటికింద కటుక్కుమనేవి. ఎంత గొప్పవాడు వచ్చినా, అక్కడ పప్పులు ఉడికేవి కావు.

అసలు ఆ ఊరి చరిత్రే ఒక తిక్క వ్యవహారం. 1860లో పక్క లోయలో బంగారం దొరికింది. జల్లించేటప్పుడు నల్లటి బరువైన ఇసుక ఒకటి అడ్డుపడి ప్రాణం తీసేది. అందరూ దాన్ని నోటికొచ్చినట్టు తిట్టి అవతల పారబోసేవారు. చాలా ఏళ్ల తర్వాత ఎవరో పరీక్ష చేయిస్తే తేలిందేమిటంటే, అది సీసం, దాని నిండా వెండి!

ఆ ఊళ్లో హొరేస్ టేబర్ అని ఒక కొట్టువాడు ఉండేవాడు. పోస్టాఫీసూ ఆయనదే. చేతి నిండా ధర్మమే గానీ చేతిలో డబ్బు నిలిచేది కాదు. లెక్కా డొక్కా చూసుకునేది భార్య అగస్టా. 1878లో రిష్, హుక్ అని ఇద్దరు జర్మన్లు వచ్చి అరువు అడిగితే సరుకులు ఇచ్చేశాడు, దొరికిన దాంట్లో మూడో వంతు తనదన్న ఒప్పందం మీద. సరుకులతో పాటు ఒక విస్కీ జాడీ కూడా వెళ్లిందట. జాడీ బరువుగా ఉంది, ఎండగా ఉంది, చెట్టు నీడ కనబడింది. ఇంకెక్కడికి వెళతాం అని అక్కడే కూర్చుని తాగి, అక్కడే తవ్వారని చెప్పుకుంటారు. కొద్ది అడుగుల్లోనే వెండి! టేబర్ నక్కతోక తొక్కాడు.

ఇక మన కథానాయకుడు చికెన్ బిల్లు. ఆ పేరు ఊరికే రాలేదు. కొండలు దాటించి లెడ్‌విల్‌లో అమ్ముకుందామని బండెడు కోళ్లు తోలుకొస్తుంటే దారిలో మంచు తుఫాను పట్టుకుందట. కోళ్లు కూర్చున్నవి కూర్చున్నట్టే గడ్డకట్టుకుపోయాయి. మరొకడైతే నెత్తి కొట్టుకునేవాడు. బిల్లు తాపీగా ఈకలు పీకించి, ఊళ్లోకి తెచ్చి మాంసంగా అమ్మేశాడు! ఉప్పు పంది మాంసం తిని నోరు చచ్చిపోయిన గనివాళ్లు ఎగబడి కొనే ఉంటారు. ఫ్రిజ్ కోడి వ్యాపారానికి ఆద్యుడు ఈయనే అనాలేమో.

అలాంటి బుర్ర ఊరుకుంటుందా? బిల్లు తవ్వుతున్న గోతిలో చిల్లిగవ్వ పడలేదు. దాంతో టేబర్ వాళ్ల గని నుంచే కాస్త వెండి రాయి నొక్కేసి, తెచ్చి తన గోతిలో చల్లాడు. మరుక్షణం టేబర్ దగ్గరికి పరుగు: “అయ్యా, పంట పండింది. డబ్బు అవసరం కాబట్టి మీకైతే ఇచ్చేస్తాను!” టేబర్ వెనకాముందూ చూడలేదు. తన వెండే తనకు అమ్ముతున్నారన్న అనుమానం కూడా రాలేదు. కొనేశాడు.

విషయం బయటికి పొక్కింది. ఊరంతా పడీ పడీ నవ్వింది. పనివాళ్లు వచ్చి “గోతిలో ఏమీ లేదండీ” అన్నారు. టేబర్ కాసేపు గడ్డం... కాదు, ఆయనకి మీసాలే గొప్ప, ఆ మీసాలు నిమురుకుని “కొన్నాం కదా, ఇంకాస్త తవ్వండి” అన్నాడట. తవ్వారు. కొన్ని అడుగుల కింద నిజంగానే బ్రహ్మాండమైన వెండి పొర! క్రిసొలైట్ గని అదే. టేబర్‌కి లక్షలు తెచ్చిపెట్టింది.

చికెన్ బిల్లుని మోసగాడు అనడం కూడా అన్యాయమే. గోతిలో వెండి ఉందన్నాడు, ఉంది. ఆ సంగతి ఆయనకే తెలియదు పాపం.